ఇద్దరైతే సభ

కాలిఫోర్నియా నడిమధ్యన హార్లన్ స్విచ్ అని ఒక ఊరు.
రైలు ఇప్పుడు ఆగదు. పేరు మాత్రం ఆగిపోయింది.
ఇక్కడి నీళ్ల బోర్డులో సభ్యులు ముగ్గురే.
అందుకని చట్టం లెక్కలో
ఇద్దరు కలిసి నోరు విప్పితే సభ.

పెట్రోలు బంకు దగ్గరైనా సభే,
చర్చి మెట్ల మీదైనా సభే.
వానొస్తుందా అని అడగొచ్చు.
వచ్చిన వాన ఎవరి బోరులోకి దిగుతుందని అడక్కూడదు.
ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో,
పద్నాలుగేళ్లుగా మినిట్స్ రాస్తున్నాను, నాకే తెలీదు.

వెండెల్ క్రాట్జ్‌ది బాదం తోట,
డొలోరెస్ అమరాల్‌ది పాడి.
నడుమ ఒక్క ఇనప కంచె.
ఎన్నికల్లో గెలిచిన రాత్రి నుంచి
ఆ కంచె మీద మోచేతులాన్చి
మోకాళ్ల నొప్పులు, తేనెటీగల అద్దె, మనవడి పళ్లకు వేసిన తీగ,
అన్నీ మాట్లాడుకుంటారు.
పంపుసెట్టు మాట నాలిక చివరికొచ్చిందా,
ఇద్దరూ ఒక్కసారే దగ్గుతారు.

నవ్వకండి.
నాకు ముందు గుమాస్తాగా చేసినావిడ
తాళాలు అప్పగిస్తూ చెప్పింది:
ఒకప్పుడు ముగ్గురు మగాళ్లు
పిజ్జా కొట్టు వెనక గదిలో కాలవల్ని పంచుకుని
ఇక్కడికొచ్చి చేతులు మాత్రం ఎత్తేవాళ్లట.
దిగువ ఇళ్లవాళ్లకి
ఆ ఎత్తిన చేతులే కనబడేవట.

శుక్రవారం, ఆఫీసు మూసే ముందు,
ఎజెండా కాగితం గాజు పెట్టెలో గుచ్చుతాను.
సోమవారం సభ దాకా డెబ్భై రెండు గంటలు
అది వీధికి ముఖం చూపిస్తూ నిలబడాలి.
ఎవరూ చదవకపోయినా నిలబడాలి.
ఈ ఎండకి
నాలుగో అంశం ఎందుకో ఎప్పుడూ ముందు వెలిసిపోతుంది.

జులైలో ఇర్మా సెపుల్వెడా వచ్చింది.
ఆలివ్ కాయల సీసాలో
తన కుళాయి నీళ్లు తెచ్చింది, పల్చటి టీ రంగు.
వచ్చినవాళ్లకు తలా మూడు నిమిషాలు.
మా టైమరు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎవరి వంటింటిదో.
సీసా బల్ల మీద పెట్టి
"వాసన చూడండి" అంది.
ఆ తరవాత రెండు నిమిషాల యాభై సెకన్లు
ఏమీ అనలేదు.
గుడ్డు టిక్కుటిక్కుమంటూ తిరిగింది.

ఎజెండాలో లేనిది చర్చించకూడదు.
మై యాంగ్ పెదవి కదిపింది,
లాయరు కళ్లజోడు తీశాడు,
పెదవి ఆగింది.
అప్పుడు వెండెల్ మూత తిప్పి
సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
డొలోరెస్‌కి అందించాడు.
ఆవిడ మై యాంగ్‌కి.
ముగ్గురూ ఊపిరి పీల్చారు, ముగ్గురూ మాట్లాడలేదు.
ముక్కు సంగతి ఏ సెక్షన్లోనూ లేదు.

గుడ్డు మోగింది.
"వచ్చే నెల ఎజెండాలో పెట్టమని సిబ్బందికి సూచన."
వెండెల్ గొంతు గరగరలాడింది.
నెల అన్నప్పుడు ఇర్మా వేళ్లు లెక్కపెట్టడం చూశాను,
ఇంట్లో ఎంతమందో, రోజుకి ఎన్ని గ్లాసులో.
అది మినిట్స్‌లోకి రాదు.

నీటి మీద రాత అంటారు మావాళ్లు,
నిలవని మాటని.
నా జీతం అక్షరాలా దానికే.
ఆ రాత్రి చాలాసేపు కూర్చుని ఒక్క వాక్యం రాశాను:
"సీసా స్వీకరించబడింది."
పొద్దున్నే లాయరు ఫోను, ఆ వాక్యం అవసరమా అని.
స్వీకరించింది రికార్డు, రికార్డు పారేయకూడదు,
మీరే కదండీ నేర్పారు, అన్నాను.

ఫైళ్ల బీరువాలో, ఎస్ అక్షరం అరలో,
ఇంటిపేరుతో సహా ఉందది.
నెల తిరిగేసరికి మడ్డి అడుక్కి దిగింది,
పైన నీళ్లు తేటపడ్డాయి.
ఇప్పుడు చూసినవాళ్లెవరైనా బాగానే ఉన్నాయంటారు.

ఆగస్టు శుక్రవారం.
ఏడో అంశం: వాసన.
కాగితం గుచ్చి, లోపలికొచ్చి,
బీరువా తెరిచి
సీసాని ఒకసారి గట్టిగా ఊపాను.